జారిన చెప్పు

మా మేనల్లుడి ఎడమకాలి హవాయి చెప్పు జారిపోయింది. నాలుగడుగులు వేశాక కూడా వాడికి ఆ సంగతి తెలియలేదు. వెనక నడుస్తున్న నేను చూశాను. చూసి, "కాళ్ళీడ్చుకుంటూ నడవకురా, దరిద్రం" అని కసిరాను. వాడు ఆగి, తన కాలి వైపు చూసుకుని, నివ్వెరపోయాడు. ఆ మొహం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. పదమూడేళ్ళ కుర్రాడు తన కాలికి చెప్పు లేదన్న సంగతి కంటితో చూస్తే తప్ప తెలుసుకోలేకపోయాడు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ క్షణంలో దరిద్రం గురించి మాట్లాడాను.

అది సంక్రాంతి. వాడికి వీపు నొప్పి మొదలైంది అంతకుముందు దసరా సెలవుల్లో. వాడి వెన్నుపాములో గడ్డ ఉందని మాకు తెలిసింది మరుసటి వినాయక చవితికి. మధ్యలో పదకొండు నెలలు. గడ్డ రావడానికి ఎవరూ కారణం కాదు, మా చెల్లెలు తిన్నదీ కాదు, వాడు మోసిన పుస్తకాల సంచీ కాదు. ఆ పదకొండు నెలలకి మాత్రం కారకులున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. నేను రాస్తున్నది ఆ పదకొండు నెలల గురించి.

వెన్నుపాము పెద్దవాళ్ళలో కూడా మూరెడు పొడవే ఉంటుంది. లావు చిటికెన వేలంత. బరువు 35 గ్రాములకి అటూ ఇటూ. మెడ కింద నుంచి మనిషి చేసే ప్రతి పనికీ ఆజ్ఞ ఆ సన్నటి తాడులోంచే కిందికి దిగాలి, కాలికి ముల్లు గుచ్చుకున్న కబురు ఆ తాడులోంచే పైకి ఎక్కాలి. దాని చుట్టూ ఎముకల గొట్టం. ఆ గొట్టం సాగదు. లోపల బఠాణీ గింజంత పెరిగినా ఆ మేరకు నలిగేది తాడే. పిల్లల్లో ఈ తాడు లోపల పుట్టే గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఆస్ట్రోసైటోమా అనే రకం, ఆ తర్వాత ఎపెండిమోమా. వీటిలో చాలాభాగం నెమ్మదిగా పెరిగేవే. నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది. అంటే ఆ జబ్బు మనకి గడువిస్తుంది. ఆ గడువు చేతిలో పెట్టుకుని మేం కాల్షియం మాత్రలు మింగించాం.

ఈ ఆపరేషన్లు చేసే ఏ న్యూరోసర్జన్నైనా అడగండి, ఒకే మాట చెబుతారు. ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికి పిల్లవాడి కాళ్ళలో ఎంత శక్తి ఉందో, ఆ తర్వాత మిగిలేది దాదాపు అంతే. నడుచుకుంటూ వచ్చినవాడు, కొన్ని వారాలు తడబడినా, మళ్ళీ నడుస్తూ ఇంటికి వెళ్ళే అవకాశం ఎక్కువ. పూర్తిగా చచ్చుబడ్డ కాళ్ళతో వచ్చినవాడి విషయంలో ఆ మాట చెప్పలేరు. గడ్డ అదే, కత్తి అదే, డాక్టరు చెయ్యీ అదే. వచ్చిన రోజు ఒక్కటే వేరు. మా వాణ్ణి చూసిన సర్జన్ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ళ నుంచి నడవట్లేదు?" అని. మా బావ "పన్నెండు రోజులండీ" అన్నాడు. ఆయన మళ్ళీ అదే అడిగారు. సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. వినపడింది. ఆ అంకె ఇంకొంచెం తక్కువ కావాలని ఆయన ఆశపడ్డారని తర్వాత అర్థమైంది.

ఆ పదకొండు నెలలు ఎలా గడిచాయో చెబుతాను.

దసరా సెలవుల్లో వాడు రాత్రిళ్ళు పడుకోలేకపోయేవాడు. పగలు బాగానే తిరిగేవాడు, ఆడేవాడు. పడుకుంటే రెండు రెక్కల మధ్య నొప్పి. రాత్రి రెండింటికి మా చెల్లెలు లేచి చూస్తే గోడకి చేరగిలబడి, దిండు పొట్టకి హత్తుకుని, కూర్చునే నిద్రపోతున్నాడు. ఒక రాత్రి కాదు, వరసగా వారం. పడుకుంటే పెరిగే నొప్పి, నిద్రలోంచి లేపే నొప్పి పిల్లల వెన్నులో ఉండకూడదు. పెరిగే వయసు నొప్పులని మనం కొట్టిపారేసేవి వేరు. అవి కాళ్ళలో వస్తాయి, రెండు కాళ్ళలోనూ, సాయంత్రాలు, తెల్లారేసరికి పోతాయి. వెన్నులో రావు. ఈ రెండు ముక్కల తేడా ఎవరైనా మా చెల్లెలికి చెప్పుంటే చాలు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళింది. "పిల్లలకి నడుం నొప్పేంటమ్మా, బ్యాగు బరువు" అని సూది వేశాడు. నాలుగు రోజులు వాడు హాయిగా పడుకున్నాడు. మా చెల్లెలు ఆయనకి దణ్ణం పెట్టింది. ఆ సూదిలో ఉన్నది స్టెరాయిడ్. గడ్డ చుట్టూ తాడుకి పట్టిన వాపుని స్టెరాయిడ్ కొన్నాళ్ళు లాగేస్తుంది. నొప్పి తగ్గుతుంది, కాలు కాస్త తేలికవుతుంది, గడ్డ మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. మా వాడికి అలాంటివి మూడు సూదులు పడ్డాయి. మూడుసార్లూ మాకు రోగం నయమైందనిపించింది. ఇంటికి అయిదు నిమిషాల దూరంలో ఉన్న ఒకే ఒక్క వైద్యుడి మీద నాకు ద్వేషం లేదు. అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. కానీ ఆ సూది ఏమిటో చెప్పకుండా, చీటీ మీద పేరు రాయకుండా పిల్లవాడి ఒంట్లోకి ఎక్కించే అలవాటుని నేను క్షమించను. ఆ పేరు కాగితం మీద ఉండుంటే, తర్వాత చూసిన డాక్టర్లలో ఒకరైనా "స్టెరాయిడ్‌కి తగ్గి మళ్ళీ వచ్చిందా?" అని ఆగేవారు.

మా చెల్లెలి అత్తగారు నరం పట్టేసిందని ఆముదం రాయించి తోమించింది. దిష్టి తీసింది. పెద్దావిడ, ఆవిడకి తెలిసిన ప్రేమ అది.

సంక్రాంతి తర్వాత, అంటే చెప్పు జారిన తర్వాత, టౌన్లో ఎముకల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాం, లోపల మూడు నిమిషాలు. ఆయన కుర్చీలోంచి లేవలేదు. వాడి చొక్కా విప్పించలేదు. నాలుగడుగులు నడవమనలేదు. ఎక్స్‌రే రాశారు, చూశారు, ఎముకలు బాగున్నాయన్నారు. కాల్షియం, డి విటమిన్, నడుముకి బెల్టు. ఎక్స్‌రేలో వెన్నుపాము కనపడదు. ఇంటి గోడలు నిలబడే ఉన్నాయి కాబట్టి లోపలి మనిషి క్షేమమని గోడల్ని చూసి చెప్పగలమా? ఆ రోజు మేం తెచ్చుకున్న ధైర్యం అలాంటిది. నేను బస్సులో వాడి భుజం తట్టి "ఏం లేదంటరా, ఇక నాటకాలు కట్టిపెట్టు" అన్నాను. వాడు సరే మావయ్యా అన్నాడు.

వేసవిలో వాడు మెట్లు దిగుతూ రెండుసార్లు పడ్డాడు. పెరట్లో కుళాయి దగ్గర కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటూ ముందుకి తూలి తలకి దెబ్బ తగిలించుకున్నాడు. కాళ్ళు ఎక్కడున్నాయో మెదడుకి చేరవేసే దారి తెగిపోతే మనిషి కళ్ళతోనే నిలబడతాడు, కళ్ళు మూస్తే పడిపోతాడు. నరాల వైద్యం చదివే పిల్లలకి మన దేశంలో ఈ ప్రశ్నలన్నీ నేర్పుతారట: చెప్పు జారుతోందా, జారితే తెలుస్తోందా, మొహం కడుక్కునేటప్పుడు తూలుతున్నాడా. చెప్పులేసుకుని తిరిగే జనం కోసం, కుళాయి దగ్గర మొహం కడుక్కునే జనం కోసం తయారైన ప్రశ్నలు. మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. మేమైనా చెప్పలేదు. తూలితే పిల్లవాడు నీరసంగా ఉన్నాడని గుడ్డు పెట్టాం.

ఇంకో డాక్టరు కాళ్ళు బలహీనంగా ఉన్నాయని ఎంఆర్‌ఐ రాశారు. బావ అప్పు చేసి తీయించాడు. కాళ్ళ బలహీనత కదాని నడుం వరకే తీశారు. రిపోర్టు నార్మల్. గడ్డ ఉన్నది దానికి జానెడు పైన, రెండు రెక్కల మధ్య. ఆ బొమ్మ అంచు దాటి అవతల వాడి జీవితం నలిగిపోతోంది. వాడు మొదటి రోజు నుంచీ చెయ్యి వెనక్కి పెట్టి చూపించింది కూడా ఆ చోటే. ఆ నార్మల్ రిపోర్టు మాకు చేసిన చెరుపు ఏ జబ్బూ చెయ్యలేదు. దాని తర్వాత నొప్పి అన్నప్పుడల్లా ఆ కవరు తీసి ముందు పెట్టాం. చదువంటే భయం పట్టుకుందన్నారు, ఫోను ఎక్కువ చూస్తున్నాడన్నారు. పిల్లవాడి మాట మీద కాగితం గెలిచింది.

జూన్‌లో స్కూలు యూనిఫాం కుట్టించడానికి తీసుకెళితే, మా వీధి టైలరు టేపు వాడి భుజాల మీద వేసి, తీసి, మళ్ళీ వేసి, "బాబుది కుడి భుజం దిగిందండీ, వెన్ను ఒంకరగా ఉంది, పోయినేడు ఇలా లేదు" అన్నాడు. ఎనిమిది నెలల్లో వాడి వీపుని శ్రద్ధగా చూసిన మొదటి మనిషి ఆయన. నొప్పితో పాటు వెన్ను వంకర తిరుగుతుంటే అది కూర్చునే తీరు కాదు, లోపల ఏదో ఉందని అనుమానించాలి. టైలరుకి ఆ సంగతి తెలియదు. ఆయనకి తెలిసింది కొలవడం. పోయినేటి కొలత పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు, ఈ ఏడు దాంతో పోల్చాడు. డాక్టరు చేతిలో సుత్తీ, దూదీ, గుండుసూదీ ఉండేది సరిగ్గా ఈ పనికే.

జులైలో వాడు పక్క తడపడం మొదలైంది. మా చెల్లెలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. తెల్లారకముందే దుప్పట్లు ఉతికి ఆరేసేది. "పెద్ద పిల్లాడు కదన్నయ్యా, నలుగురికీ తెలిస్తే వాడికెంత నామోషీ" అంది తర్వాత. మూత్రం మీద అదుపు పోవడం వెన్నుపాము వేసే ఆఖరి కేకల్లో ఒకటి. మన ఇళ్ళల్లో దాన్ని దండెం మీద ఆరేసి దాచేస్తాం.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున వాడు మంచం దిగలేకపోయాడు. అప్పుడు కూడా నీరసం అనుకుని సెలైన్లు ఎక్కించాం. పన్నెండో రోజు రాత్రి, పొట్ట ఉబ్బి, మూత్రం బిగుసుకుపోయి విలవిల్లాడుతుంటే, జిల్లా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

క్యాజువాల్టీలో రాత్రి పదకొండింటికి ఒక హౌస్ సర్జన్ అమ్మాయి ఉంది. పాతికేళ్ళు కూడా ఉండవు. మొహం నిండా అలసట. ముందు గొట్టం వేసి మూత్రం తీసింది. తర్వాత మా దగ్గరున్న కవర్లు తెరవలేదు. వాడి పాదం చేతిలోకి తీసుకుని, తెల్లకోటు జేబులోంచి స్కూటీ తాళం తీసి, మడమ నుంచి వేళ్ళ వైపు అరికాలి అంచు వెంబడి గీసింది. బొటనవేలు నెమ్మదిగా పైకి లేచింది. ఆ అమ్మాయి కదలకుండా ఉండిపోయింది. మళ్ళీ గీసింది. మళ్ళీ లేచింది. రెండో కాలు, అదే. అప్పుడు గుండుసూది తీసుకుని తొడ మీద, పొట్ట మీద, బొడ్డు పక్కన, అంగుళం అంగుళం పైకి జరుపుతూ "ఇక్కడ గుచ్చుకుంటోందా నాన్నా?" అని అడుగుతూ వచ్చింది. వాడు లేదు, లేదు, లేదు అంటున్నాడు. చనుమొనల వరసకి రాగానే "ఆఁ, గుచ్చుకుంది" అన్నాడు. ఆ అమ్మాయి పెన్ను తీసి వాడి చాతీ మీద అడ్డంగా గీత గీసింది. "ఇక్కడ ఉందండీ. నడుంలో కాదు" అంది. మొత్తం ఆరేడు నిమిషాలు పట్టుంటుంది. మర్నాడు మెడ నుంచి తోక దాకా, మందెక్కించి తీసిన ఎంఆర్‌ఐలో గడ్డ ఆమె గీసిన గీత దగ్గరే ఉంది.

అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం వెన్నుపాముకో మెదడుకో దెబ్బ తగిలిందనడానికి గుర్తని పారిస్‌లో బబిన్‌స్కీ చెప్పింది 1896లో. ఎంబీబీఎస్ చదివే ప్రతి పిల్లా పిల్లవాడూ దాన్ని చదివి, చేసి చూపించి, పరీక్ష పాసవుతారు. అది తెలియని డాక్టరు మన తెలుగు రాష్ట్రాల్లో లేరు. పదకొండు నెలల్లో మా వాణ్ణి చూసిన డాక్టర్లందరి దగ్గరా ఏదో ఒక బండి తాళం ఉంది.

ఇంకాస్త వెనక్కి వెళతాను, ఎందుకంటే యంత్రాలు లేవు, డబ్బుల్లేవు అనే సమాధానం నాకు చాలాసార్లు వచ్చింది. 1887లో లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రికి ఒక మనిషి వచ్చాడు. నలభై రెండేళ్ళవాడు. మూడేళ్ళుగా వీపులో నొప్పి, ఎందరో వైద్యులు చూశారు, చివరికి కాళ్ళు పడిపోయాయి. రాంట్జెన్ ఎక్స్‌రే కనిపెట్టడానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది. విలియం గోవర్స్ అనే నరాల వైద్యుడు స్పర్శ ఎక్కడ పోయిందో, ఎక్కడ ఉందో వెతికి, వెన్నుపాము మీద ఫలానా చోట గడ్డ నొక్కుతోందని చెప్పాడు. జూన్ 9న విక్టర్ హార్స్లీ అక్కడ తెరిచాడు. మొదట ఏమీ కనపడలేదు. ఇంకాస్త పైకి ఎముక తీస్తే గడ్డ కనపడింది, తీసేశాడు. ఆ మనిషి మళ్ళీ నడిచాడు, తన పనికి వెళ్ళాడు. అది తాడుకి బయట నుంచి నొక్కిన గడ్డ, మా వాడిలా లోపల పుట్టింది కాదు, అందుకని అంత బాగా కోలుకున్నాడు. కానీ దాన్ని పట్టుకున్నది వేలితో, సూదితో, ఓపికతో. అప్పటికి కరెంటు దీపం కూడా కొత్త వస్తువు. ఇప్పుడు మన ప్రతి జిల్లా కేంద్రంలో స్కానింగ్ సెంటర్ల బోర్డులు వరసగా వెలుగుతున్నాయి. వెన్ను నొప్పని వచ్చిన పిల్లవాడి చొక్కా మాత్రం ఎవరూ విప్పించరు.

ఈ మాట అన్నప్పుడల్లా డాక్టర్లు నొచ్చుకుంటారు. ఇవి అరుదైన జబ్బులు మాస్టారూ, పిల్లల్లో మెదడూ వెన్నుపాములకి వచ్చే గడ్డలన్నీ కలిపినా వెన్నుపాముది చిన్న వాటా, నొప్పన్న ప్రతివాడికీ ఎంఆర్‌ఐ రాయమంటారా అంటారు. రాయమనను. నేనడిగేది ఎంఆర్‌ఐ కాదు. చొక్కా విప్పించి వెన్ను చూడండి. మడమల మీద, మునివేళ్ళ మీద నాలుగడుగులు నడిపించండి. మోకాలి కింద సుత్తితో కొట్టండి, అరికాలు గీయండి. రాత్రి నిద్ర పడుతోందా, ఒంటేలు సరిగా అవుతోందా అని అడగండి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా అప్పుడు ఎంఆర్‌ఐ రాయండి, రాసినప్పుడు వెన్ను మొత్తానికి రాయండి. ఆ అయిదు నిమిషాలు గడ్డ కోసమే కూడా కాదు. వెన్నుకి పట్టిన టీబీ, ఎముకల మధ్య చీము, పుట్టుకతో కిందికి బిగుసుకుపోయిన వెన్నుపాము, రక్త క్యాన్సర్ కూడా పిల్లల్లో వెన్ను నొప్పిగానే రావచ్చు. అన్నిటికీ మొదటి తలుపు అదే. జబ్బు అరుదు కావచ్చు. పరీక్ష చెయ్యకపోవడం మాత్రం అరుదు కాదు, అది రోజువారీ అలవాటైపోయింది. పైగా అరుదు అనే మాట ఓపీ గదిలో కూర్చున్నవాళ్ళకి. మంచం మీద ఉన్న పిల్లవాడికి వాడి వెన్నుపాము ఒక్కటే, నూటికి నూరు వంతులూ అదే.

టీబీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో వెన్నుకి టీబీ ఎక్కువ, అందుకని డాక్టరు ముందు దాన్నే అనుమానించడంలో తప్పులేదు. కానీ సరైన బొమ్మ తీయకుండా, ముక్క తీసి పరీక్షకి పంపకుండా, చూద్దాం అని టీబీ మాత్రలు మొదలుపెట్టి నెలల తరబడి ఎదురుచూస్తే ఆ నెలలు ఎవరివి? మాత్రకి మూత్రం ఎర్రగా వస్తుంది, మందు పనిచేస్తోందని తల్లి సంబరపడుతుంది. లోపల తాడు నలుగుతూనే ఉంటుంది.

వార్డులో మా పక్క మంచం మీద పదహారేళ్ళ అమ్మాయి ఉండేది. ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉండి చదువుకునేది. మెడ దగ్గర గడ్డ. ఆరు నెలల పాటు చెయ్యి తిమ్మిరి, రాయలేకపోతున్నాను అని చెప్పిందట. పరీక్షలు తప్పించుకోవడానికని ఒకరు, నెలసరి బలహీనతని ఒకరు, రక్తం తక్కువని ఒకరు. వార్డెన్ ఇంటికి ఫోన్ చెయ్యనివ్వలేదు. ఆడపిల్ల నొప్పికి మన దగ్గర సిద్ధంగా ఉండే పేర్లు అవే, వాటిలో ఏదో ఒకటి తగిలించి పంపేస్తాం. ఆ అమ్మాయి తల్లి నా ఎదురుగానే సర్జన్ని అడిగింది, "మెడ మీద మచ్చ పడకుండా చేస్తారా బాబూ, రేపు సంబంధాలు చూసుకోవాలి" అని. నాకు ఆ తల్లి మీద కోపం రాలేదు. రెండు వందల కిలోమీటర్లు బస్సులో కూతురి తల ఒళ్ళో పెట్టుకుని వచ్చిన మనిషి ఆవిడ. మచ్చ ఉంటే పిల్ల పనికిరాదని ఆవిడ చేత అనిపించిన వాళ్ళ మీద వచ్చింది. వాళ్ళు ఎక్కడో లేరు, మన పెళ్ళి చూపుల్లో కుర్చీల మీద కూర్చునేది మనమే. ఆ భయంతో స్కాన్ వాయిదా వేసుకున్న ఇళ్ళు, ఆపరేషన్ సంగతి చుట్టాలకి తెలియకూడదని ఊరు మార్చిన ఇళ్ళు నాకు తర్వాత తెలిశాయి.

మన దగ్గర ఏం జరగొచ్చో ఇంకో దేశం చేసి చూపించింది. బ్రిటన్‌లో పిల్లల మెదడు గడ్డలు ఆలస్యంగా బయటపడుతున్నాయని 2011లో హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టారు. లక్షణాలు రాసిన చిన్న కార్డు, తల్లిదండ్రులకీ స్కూళ్ళకీ డాక్టర్లకీ. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. అంతకుముందు మొదటి లక్షణం నుంచి జబ్బు పేరు తెలిసేదాకా సగటున 14 వారాలు పట్టేది, కొన్నేళ్ళలో అది 7 వారాల లోపుకి దిగింది. మనకి కార్డు ముద్రించే స్తోమత లేదా? మన ఊళ్ళల్లో పుట్టినరోజు ఫ్లెక్సీలకి అయ్యే ఖర్చులో వందో వంతు చాలు.

మనకి మనుషులూ ఉన్నారు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, వైద్య బృందం ఏడాదికోసారి సర్కారు బడికి వస్తుంది. నేను పనిచేసిన బడిలో వాళ్ళు ఎత్తు కొలిచేవారు, బరువు చూసేవారు, కళ్ళూ పళ్ళూ చూసేవారు. మంచి పిల్లలు, ఎండలో వచ్చి పనిచేసేవారు. అయితే చొక్కా ఎత్తి వెన్ను చూసిన రోజు, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించిన రోజు నాకు గుర్తు లేదు. ఆ రెండూ ఆ బృందం నింపే కాగితంలో చేర్చడానికి ఏ కమిటీ కూర్చోవాలి? పీఈటీ మాస్టర్లకి ఒక్క పూట చెబితే చాలు. పరుగులో వెనకబడ్డవాణ్ణి, కబడ్డీ మానేసి గట్టు మీద కూర్చున్నవాణ్ణి, ఊరికే పడిపోతున్నవాణ్ణి అందరికంటే ముందు చూసేది వాళ్ళే. ఇప్పుడు అలాంటివాణ్ణి గ్రౌండు చుట్టూ ఇంకో రౌండు పరిగెత్తిస్తారు.

మా వాడికి ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. ఎముక పైకప్పుని మూత తీసినట్టు తీసి, సూక్ష్మదర్శిని కింద గడ్డని ముక్కముక్కగా చిదిపి పీల్చి, మళ్ళీ ఆ మూత అక్కడే పెట్టారు. ఎదిగే పిల్లల్లో ఎముక తీసేసి వదిలేస్తే వెన్ను ముందుకి వంగిపోతుందట. లోపల పనిచేస్తున్నంతసేపూ కాళ్ళకి సంకేతాలు అందుతున్నాయో లేదో తీగలు పెట్టి వింటూనే ఉన్నారు. ఒకప్పుడు ఇలాంటి గడ్డని ముట్టుకుంటే పిల్లవాడు దక్కడని, చిన్న ముక్క తీసి రేడియేషన్ ఇచ్చి పంపేసేవారు. 1980లలో న్యూయార్క్‌లో ఫ్రెడ్ ఎప్‌స్టీన్ అనే డాక్టరు పిల్లల వెన్నుపాములోంచి గడ్డల్ని దాదాపు మొత్తంగా తీసి చూపించాక ఆ పద్ధతి మారింది. ఆ విద్య ఈవాళ మన దాకా వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, కాగితాల మీద పేరు ఏమైనా, మా చెల్లెలి నోట్లో ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. ఆ కార్డు మీదే ఆపరేషన్ అయింది. ఆ కార్డు లేకపోతే బావ ఎకరం పోయేది. దాన్ని తెచ్చినవాళ్ళకి, నిలబెట్టినవాళ్ళకి చేతులెత్తి మొక్కుతాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాక ఆ గొడ్డలికి డబ్బిచ్చే పథకం అది. గోటి పనికి మన దగ్గర పథకం లేదు, పట్టించుకునే మనిషి లేడు.

గడ్డ ముదురు రకం కాదని రిపోర్టు వచ్చింది. అందరూ సంతోషించారు. వాడికి ఇప్పుడు పదిహేనేళ్ళు. ఇంట్లో కర్రల సాయంతో నాలుగు గదులూ తిరుగుతాడు. బయటికి చక్రాల కుర్చీ. నాలుగైదు గంటలకోసారి సన్నటి గొట్టం తనే వేసుకుని మూత్రం తీసుకోవాలి, లేకపోతే కిడ్నీలు పాడవుతాయి. ఇంట్లో అది పది నిమిషాల పని. బడిలో శుభ్రమైన బాత్రూం లేక, గడియ లేక, వాడు పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగడం మానేశాడు. రెండుసార్లు జ్వరం, ఇన్ఫెక్షన్. తొమ్మిదో తరగతి మేడ మీద. 2016 వికలాంగుల హక్కుల చట్టం కాపీ పట్టుకుని, నేను పనిచేసి వచ్చిన బడిలోనే, నా పాత సహోద్యోగులతోనే పోట్లాడి ఆ తరగతిని కిందికి దింపించాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఇన్నేళ్ళలో అలాంటి పిల్లవాడు తమ బడికి రాలేదన్నారు. రాలేదు నిజమే. మెట్లున్న బడికి అలాంటి పిల్లలు ఎలా వస్తారు? వేలూరు సీఎంసీలో మేరీ వర్గీస్ పేరుతో ఒక పునరావాస సంస్థ ఉంది, 1966 నాటిది. ఆవిడే స్వయంగా ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయిన డాక్టరు. కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. మంచం దిగడం, కుర్చీ ఎక్కడం, పుండ్లు పడకుండా చూసుకోవడం మా వాడు అక్కడే నేర్చుకుని వచ్చాడు. ఇంత నేర్పే చోటు కోసం మా కొండపి నుంచి వేలూరు వెళ్ళాలా? ఆపరేషన్ అయిన పదో రోజున డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి, ఇక అంతా మీ ఇంట్లో చూసుకోండి అని పంపే పద్ధతిలో వైద్యం సగమే అయింది. మిగతా సగం మా చెల్లెలి నడుం మీద పడింది. పదిహేనేళ్ళ కొడుకుని రోజుకి పదిసార్లు లేపి కూర్చోబెట్టే నడుం అది.

వాడు నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఒకసారి నేనే, చెప్పు జారిన రోజు గుర్తుందిరా అని అడిగాను. గుర్తుంది మావయ్యా అన్నాడు. అంతకు రెండు వారాల ముందే స్కూల్లో ఒక చెప్పు పోగొట్టుకున్నాడట. ఎక్కడ జారిందో తెలియక ఆ రోజంతా వెతికాడట. మేం తిడతామని చెప్పలేదట.

పోయిన వారం మా సందు చివర, కిరాణా కొట్టు ముందు, తొమ్మిదేళ్ళ పాప పాల ప్యాకెట్టు పట్టుకుని పోతోంది. కుడి చెప్పు వెనకబడిపోయింది. పాప మూడడుగులు వెళ్ళిపోయింది. నేను చెప్పు తీసుకుని వెనకాలే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న ఆటో తుడుచుకుంటున్నాడు. పాప రాత్రిళ్ళు పడుకుంటోందా అని అడిగాను. ఆయన గుడ్డ పక్కన పెట్టి, "నెలరోజుల్నుంచి గోడకి ఆనుకునే పడుకుంటోందండీ, మీకెలా తెలుసు?" అన్నాడు. ఆ పాపకి ఏమీ లేకపోవచ్చు. లోపల్నుంచి వాళ్ళావిడ వచ్చి, మొన్నే చూపించామండీ, కాల్షియం రాశారు అంది. నేను ఆ చీటీ చూడలేదు. రేపు పొద్దున్నే ఆరున్నర బస్సుకి పెద్దాసుపత్రికి వెళుతున్నాం, నలుగురం. పాపకి వదులు గౌను తొడగమని వాళ్ళావిడకి చెప్పి వచ్చాను.